తారు రోడ్డు ఒక లెక్క, మట్టి బాట ఇంకో లెక్క

క్లబ్ వాళ్ళు ఈసారి సంచికకి "మనకి తెలిసిన ఒక విషయాన్ని పాఠంలా రాయండి" అన్నారు. నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే ఉంది. అది తెలుసుకోవడానికి నేను కట్టిన ఫీజు కాలేజీ ఫీజు కంటే ఎక్కువ, పైగా అందులో సగం నా ఫ్రెండ్ కట్టాడు. అందుకే రాస్తున్నా.

మాది సికింద్రాబాద్‌లో లాలాపేట. మా మేనమామ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయన దగ్గర ఒక రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఉంది, 2020 మోడల్. 411 సీసీ ఇంజన్, 15 లీటర్ల ట్యాంకు, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17 అంగుళాల చక్రం. పెట్రోల్ నింపాక బరువు 199 కిలోలు. నా బరువు 62. అంటే నాలాంటి వాళ్ళు ముగ్గురు కలిసినా ఆ బండికి తూగరు. సీటు మీద కూర్చుంటే మాత్రం ఆ సంగతి గుర్తురాదు. పైనుంచి చూస్తే ప్రపంచం చిన్నగా, మనం పెద్దగా కనిపిస్తాం. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

మూడో సంవత్సరంలో, సెమిస్టర్ పరీక్షలకి పది రోజుల ముందు ఒక ఆదివారం, మామని బతిమాలి కీస్ తీసుకున్నా. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"తారు రోడ్డు మీద యాడికన్న పో అల్లుడా. మట్టి బాట మాత్రం ఎక్కకు. గది నీకింక రాదు."

నా బెంచ్‌మేట్‌ని వెనక ఎక్కించుకున్నా. కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట దాటాం. బండి వెన్నలా పోతోంది. పక్కకి చూస్తే ఒక చెరువు కట్ట, దాని మీద ఎర్రటి మొరం బాట. అప్పుడు అనుకున్నా, "ఇది అడ్వెంచర్ బండి కదరా, దీన్ని తారు మీదే తోలితే ఇక అడ్వెంచర్ ఏముంది?"

కట్ట చివర బాట ఎడమకి తిరుగుతుంది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఉన్నా. అంతకు ముందే అల్వాల్ దగ్గర అంతకంటే బిగువైన మలుపు అదే వేగంతో ఈజీగా తిప్పాను. ఇక్కడ సగం తిరిగేసరికి ముందు చక్రం నా మాట వినడం మానేసింది. భయపడి ముందు బ్రేకు పట్టుకున్నా. తర్వాత జరిగింది నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నది శబ్దమే, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు.

నాకు మోచేయి గీసుకుపోయింది. వాడికి కుడి కాలర్ బోన్ విరిగింది. ఇద్దరికీ హెల్మెట్లు ఉన్నాయి. ఆ రోజు మేం చేసిన మంచి పని అదొక్కటే. మామకి ఫోన్ చేస్తే బండి గురించి ఒక్క మాట అడగలేదు. "పోరడు ఎట్లున్నడు?" అన్నాడు, అంతే. ఆస్పత్రిలో వాడి అమ్మగారు వచ్చి నా మోచేయి పట్టుకుని "నీకేం కాలే గదా బిడ్డా?" అని అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

వాడు పరీక్షలన్నీ ఒక జూనియర్ చేత రాయించుకున్నాడు. థియరీ అయితే నోటితో చెప్పి రాయించొచ్చు. మెషీన్ డ్రాయింగ్‌ని నోటితో ఎలా గీయిస్తారు? ఆ సబ్జెక్ట్ పోయింది. వాడి మార్క్స్ మెమోలో అది ఇంకా అలాగే ఉంది.

ఇక పాఠానికి వద్దాం.

1. ఎందుకు పడ్డాం?

నేను చాలా రోజులు "మొరం జారింది" అని చెప్పుకుంటూ తిరిగాను. మొరం జారదు. మొరం ఉన్నచోటే ఉంటుంది. లెక్క తప్పింది నేను. కట్టు విప్పక ముందే మా వాడు ఎడమ చేత్తో, చిన్నపిల్లల రాతలా వంకర టింకరగా, ఒక ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీసి నా ముందు పెట్టాడు. ఫస్టియర్ మెకానిక్స్‌లో మనందరం గీసిందే.

మలుపులో బండి తిరగాలంటే టైరుని నేల పక్కకి తోయాలి. ఆ తోపుకి ఘర్షణ కావాలి. ఎంత ఘర్షణ గుణకం కావాలో చెప్పే సూత్రం మీకు తెలుసు: వేగం వర్గాన్ని, మలుపు వ్యాసార్థం, గురుత్వ త్వరణం రెండింటి లబ్ధంతో భాగించాలి. బరువు అందులో లేదు, కొట్టుడుపోతుంది. కాబట్టి "వెనక వాడున్నాడు, అందుకే పడ్డాం" అనే సాకు కూడా పోయింది.

ఆ మలుపు వ్యాసార్థం తర్వాత వెళ్ళి అడుగులతో కొలిచాం, సుమారు 15 మీటర్లు. గంటకి 30 కి.మీ. అంటే సెకనుకి 8.33 మీటర్లు. లెక్క వేస్తే కావాల్సిన గుణకం 0.47. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకి దాదాపు 0.8 దొరుకుతుంది. అందుకే అల్వాల్‌లో ఏమీ కాలేదు. వదులు మొరం మీద దొరికేది సుమారు 0.35. జేబులో 35 రూపాయలు పెట్టుకుని 47 రూపాయల వస్తువు కొనబోయాను. అంతకుమించి ఆ రోజు ఏ వింతా జరగలేదు.

ఆ మలుపుని 0.35తో తిప్పగలిగే గరిష్ట వేగం గంటకి 26 కిలోమీటర్ల లోపే. నాలుగు కిలోమీటర్ల తేడాకి ఒక ఎముక, ఒక సబ్జెక్ట్.

2. బ్రేకు కూడా అదే జేబులోంచి

ఇక్కడ చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. టైరుకి రెండు వేరు వేరు ఖాతాలు ఉండవు. తిరగడానికి వాడే పట్టు, ఆగడానికి వాడే పట్టు ఒకే ఖాతాలోంచి పోతాయి. రెండింటి వర్గాల మొత్తం, ఉన్న గుణకం వర్గాన్ని దాటకూడదు. పైథాగరస్ సిద్ధాంతమే.

అదే మలుపు, అదే మొరం, 0.35. గంటకి 25 కి.మీ.తో తిరిగితే తిరగడానికే 0.33 ఖర్చవుతుంది. బ్రేకుకి మిగిలేది 0.12. అంటే మలుపులో ఒక గొర్రె అడ్డమొస్తే బ్రేకు వేలితో ముట్టుకున్నా ముప్పే. ఇప్పుడు 20 కి.మీ.కి తగ్గించండి. తిరగడానికి 0.21 చాలు, బ్రేకుకి 0.28 మిగులుతుంది. అయిదు కిలోమీటర్లు తగ్గిస్తే బ్రేకుకి మిగిలింది రెండింతలకు పైనే పెరిగింది. వేగం వర్గంలో ఉంది కాబట్టి ఇలా జరుగుతుంది. "కొంచెం స్లోగా పోరా" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటలో ఇంత గణితం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి మొదటి సూత్రం: బ్రేకు పని మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి.

3. ముందు బ్రేకా, వెనక బ్రేకా?

తారు మీద ముందు బ్రేకే రాజు అని మనకి చెప్తారు. నిజమే. మట్టి మీద అదే రాజు కొంచెం మంత్రి మాట వినాలి. ఎందుకో చూద్దాం.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వాలుతుంది. ఎంత వాలుతుందంటే: మొత్తం బరువుని మందగమనంతో, గరిమనాభి ఎత్తుతో గుణించి, చక్రాల మధ్య దూరంతో భాగించాలి. హిమాలయన్ 411 చక్రాల మధ్య దూరం 1465 మిల్లీమీటర్లు. బండి, నేను కలిపి 261 కిలోలు. గరిమనాభి ఎత్తు 0.65 మీటర్లు అని, నిలబడినప్పుడు బరువు రెండు చక్రాల మీద చెరి సగం అని లెక్క కోసం అనుకుందాం.

పొడి తారు మీద గట్టిగా, 0.8 గురుత్వంతో ఆపితే దాదాపు 93 కిలోలు ముందుకి వెళ్తాయి. వెనక చక్రం మీద మిగిలేది 38 కిలోలే, మొత్తంలో 15 శాతం. ఆ చక్రం చేసే సాయం కూడా అంతే.

మొరం మీద 0.35 కంటే గట్టిగా ఆపలేం. అప్పుడు ముందుకి వెళ్ళేది 40 కిలోలే. వెనక 90 కిలోలు ఉంటాయి, మొత్తంలో 34 శాతం. అంటే మట్టి మీద వెనక బ్రేకు వాటా రెండింతలు దాటింది. దాన్ని మర్చిపోయి ముందు బ్రేకు ఒక్కటే పిసికితే మూడో వంతు బ్రేకింగ్‌ని చేతులారా పారేసుకున్నట్టే.

ఇంకో తేడా. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, మనకి సరిదిద్దుకునే టైం ఉంటుంది. ముందు చక్రం జారితే టైం ఉండదు, నేలే ఉంటుంది. అందుకే మట్టి మీద ముందు బ్రేకుని ఒక్క వేలితో లేదా రెండు వేళ్ళతో, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా పెంచుతూ పట్టాలి. లాగకూడదు.

ఏబీఎస్ గురించి అందరూ అడుగుతారు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. తారు మీద అది ప్రాణదాత. వదులు మట్టి మీద మాత్రం, చక్రం లాక్ అయితే టైరు ముందు మట్టి కుప్పలా పోగై బండిని ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని వదిలి వదిలి పట్టుకోవడం వల్ల ఆ కుప్ప ఏర్పడదు, ఆగే దూరం పెరగొచ్చు. అందుకే ఈ బండిలో వెనక ఏబీఎస్‌ని మాత్రం ఆపుకునే స్విచ్ ఇచ్చారు. ముందుది ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. తారు ఎక్కగానే స్విచ్ మళ్ళీ ఆన్ చేయడం అలవాటు చేసుకోండి.

ఇక ఆగే దూరం. గంటకి 50 కి.మీ. వేగంలో బ్రేకు పట్టిన క్షణం నుంచి 0.8 మీద సుమారు 12 మీటర్లు, 0.35 మీద 28 మీటర్లు. సివిల్ వాళ్ళు హైవే ఇంజనీరింగ్‌లో చదువుకునే ఉంటారు: మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆగే దూరం లెక్కకి తారు రోడ్డు మీద కూడా 0.35 నుంచి 0.40 వరకే తీసుకుంటుంది. డ్రైవర్ స్పందించే సమయం 2.5 సెకన్లు. మలుపుల్లో పక్క ఘర్షణ 0.15 మాత్రమే. వాన, అరిగిన టైరు, నిద్రమొహం డ్రైవరు, అందర్నీ దృష్టిలో పెట్టుకుని రోడ్డు గీసేవాడు అంత జాగ్రత్త పడితే, తోలేవాడు మొత్తం 0.8 తన సొంతం అనుకుంటాడు.

4. వంగడం: ఎవరు, ఎటు?

నాలుగు నెలల తర్వాత మామ నన్ను మళ్ళీ బండి ఎక్కించాడు. మౌలాలి, ఈసీఐఎల్, నాగారం మీదుగా కీసర దాటాక ఖాళీగా పడున్న ఒక మొరం జాగా. "బండి నేర్వనీకి కాదు, నీ భయం పోనీకి తెచ్చిన" అన్నాడు. ముందు తారు రోడ్డు పాఠం చెప్పాడు.

తారు మీద కొంచెం వేగంలో కుడికి తిరగాలంటే హ్యాండిల్ కుడి పిడిని ముందుకి తోయాలి. చదివితే తప్పనిపిస్తుంది. తోస్తే ముందు చక్రం క్షణకాలం ఎడమకి తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది, వాలాక కుడికి తిరుగుతుంది. మనమందరం సైకిల్ తొక్కినప్పటి నుంచి తెలియకుండానే ఇది చేస్తున్నాం. థర్మోడైనమిక్స్‌లో మనల్ని ఏడిపించే రాంకిన్ సైకిల్ గుర్తుందా? ఆ రాంకినే 1869లో సైకిళ్ళ గమనం మీద వ్యాసాలు రాస్తూ ఈ విషయాన్ని వివరించాడు. ఆయన మనకి రెండు సైకిళ్ళు ఇచ్చాడన్నమాట.

తారు మీద బండీ మనమూ కలిసి వాలతాం. మట్టి మీద అలా చేస్తే, టైరు కాస్త జారినా మన శరీరం కూడా అప్పటికే నేల వైపు ప్రయాణంలో ఉంటుంది. అందుకే మట్టి మీద బండిని మాత్రమే కింద వాల్చాలి, మనం నిటారుగా పైన ఉండాలి, బరువు మలుపుకి బయటి వైపు ఫుట్‌రెస్ట్ మీద వేయాలి. ఎడమ మలుపైతే కుడి కాలు నొక్కాలి. దీనివల్ల ఘర్షణ పెరగదు, ఆ మాట గుర్తుంచుకోండి. టైరు జారినప్పుడు కింద బండి కదిలినా పైన మనిషి కూలిపోడు, సర్దుకునే అవకాశం మిగులుతుంది.

5. నిలబడి తోలడం: ఒక అపోహ

వీడియోల్లో చూసే ఉంటారు, మట్టి బాట రాగానే లేచి నిలబడతారు. ఎందుకు అని అడిగితే "బరువు ఫుట్‌రెస్ట్‌ల మీదకి దిగుతుంది, గరిమనాభి కిందకి పోతుంది" అంటారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. మా వాడు నవ్వాడు. "నువ్వు లేచి నిలబడితే నీ నడుము పైకి పోయిందా, కిందికి పోయిందా?" అన్నాడు. పైకే పోయింది. గరిమనాభి ద్రవ్యరాశి ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. మనం ఎక్కడ కాలు పెట్టామన్న దానితో దానికి పనిలేదు. నిలబడితే గరిమనాభి పెరుగుతుంది.

మరి లాభం ఎక్కడ? బండికీ మనిషికీ ఉన్న అతుకు మారుతుంది. కూర్చుంటే 199 కిలోల బండికి 62 కిలోల మూట కట్టినట్టే. గుంత వచ్చినప్పుడు రెండూ కలిసి ఎగురుతాయి. మోకాళ్ళు కొంచెం వంచి నిలబడితే కాళ్ళే ఇంకో సస్పెన్షన్. బండి కింద ఎగురుతుంది, మనిషి దాదాపు అదే ఎత్తులో సాగిపోతాడు. ఆర్టీసీ బస్సులో చివరి సీట్లో కూర్చుని గుంతలో పడ్డవాడికి, మోకాళ్ళు వదులుగా పెట్టి రాడ్ పట్టుకు నిలబడ్డవాడికి ఉన్న తేడా ఇదే.

నిలబడే పద్ధతి: పాదం మధ్య భాగం ఫుట్‌రెస్ట్ మీద, మోకాళ్ళు ట్యాంకుకి తాకుతూ, మోచేతులు బయటికి, పిడిని గుడ్డు పట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి. హ్యాండిల్‌ని వేలాడటానికి వాడితే ప్రతి కుదుపూ హ్యాండిల్‌లోకి పోతుంది, ముందు చక్రం తాగినవాడిలా ఊగుతుంది. నా మొదటి అరగంట అంతా అదే. మామ వెనక నుంచి అరిచాడు, "గింత గట్టిగ పట్టుకుంటవేందిరా, అది ఉరికిపోతదా?"

చూపు కూడా ముఖ్యం. చక్రం ముందున్న రాయిని చూస్తే రాయి మీదకే పోతాం. ఎక్కడికి పోవాలో అక్కడ చూడాలి, ఇరవై ముప్పై మీటర్ల దూరంలో. యాక్సిలరేటర్ స్థిరంగా ఉండాలి. కింద టైరు కాస్త అటూ ఇటూ కదులుతుంది, కదలనివ్వాలి. భయపడి టక్కున యాక్సిలరేటర్ వదిలేస్తే బరువు ముందు చక్రం మీదకి వస్తుంది, అది ఇంకా లోపలికి దిగబడుతుంది.

6. ఈ రెండు రకాల బండ్లు ఒక్కటెలా అయ్యాయి?

కొంచెం చరిత్ర. 1980లో బీఎండబ్ల్యూ "ఆర్ 80 జీ/ఎస్" అనే బండి తెచ్చింది, దాదాపు 800 సీసీ. జీ అంటే జర్మన్‌లో గెలాండె, అంటే కొండా గుట్టా నేల. ఎస్ అంటే ష్ట్రాసె, రోడ్డు. పేరులోనే మట్టి, తారు రెండూ ఉన్నాయి, మధ్యలో ఒక గీత. మరుసటి ఏడాదే ఆ బండి వంశం పారిస్–డకార్ ర్యాలీ గెలిచింది. ఇప్పుడు మనం అడ్వెంచర్ బండి అంటున్నవాటికి దారి అక్కడ పడింది. మన దేశంలో 2016లో హిమాలయన్ వచ్చాకే మధ్యతరగతి ఇళ్ళ ముందు ఈ రకం బండి కనిపించడం మొదలైంది.

రెండింటికీ పనికొచ్చే బండి అంటే రెండింటి దగ్గరా రాజీపడ్డ బండి. ముందు 21 అంగుళాల చక్రం రాళ్ళ మీద సులువుగా ఎక్కుతుంది, గుంతలో పూర్తిగా పడదు. తారు మీద అదే చక్రం వాలడానికి కొంచెం బద్ధకిస్తుంది. సస్పెన్షన్ ముందు 200 మిల్లీమీటర్లు కదులుతుంది, మట్టి మీద వరం. తారు మీద బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి దిగుతుంది. టైరు గీతలు లోతైతే మట్టి పట్టు, తారు మీద మోత. దేన్నీ తిట్టక్కర్లేదు, ఏది ఎక్కడ పనికొస్తుందో తెలిస్తే చాలు.

బండి మంచిదైనా, మనిషి ఆరితేరినవాడైనా మట్టికి మొహమాటం లేదు. 2015లో డకార్ ర్యాలీలో పాల్గొన్న మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్. అంతటివాడు 2021 డకార్‌లో సౌదీ అరేబియాలో ఘోరంగా పడి, కృత్రిమ కోమాలో ఉండి బయటపడ్డాడు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. గౌరవం కోసం చెప్తున్నా.

7. మన నేల, మన సమస్యలు

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి మన నేల సంగతి ఎవరూ చెప్పరు. కొన్ని రాస్తున్నా.

మొరం: ఎండాకాలంలో చక్రాలు నడిచే రెండు జాడలు గట్టిగా ఉంటాయి, మధ్యలో, అంచుల్లో వదులు రాళ్ళు పోగవుతాయి. ఒక జాడ పట్టుకుని అందులోనే ఉండండి. జాడ మారాలంటే వేగం తగ్గించి, నిటారుగా దాటండి.

రేగడి: ఎండితే ఇనుము, తడిస్తే సబ్బు. ఈ నల్లమట్టిలోని బంక నీరు పీల్చి ఉబ్బుతుంది. టైరు గీతల్లో నిండి టైరుని గుండులా చేస్తుంది, మడ్‌గార్డ్‌లో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. వాన పడ్డ రేగడి కనిపిస్తే బండి వెనక్కి తిప్పడమే మంచి టెక్నిక్.

వడ్లు: కోతల కాలంలో ఊళ్ళ దగ్గర తారు రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. తారు అనుకుని 0.8 ఆశిస్తాం. కానీ గింజలు టైరు కింద బేరింగ్ బాల్స్ లాగా దొర్లుతాయి. పైగా అది ఒక రైతు ఆరు నెలల కష్టం. చుట్టూ తిరిగి పోండి.

తొలకరి: మొదటి వాన పడ్డ అరగంట తారు రోడ్డు మట్టి కంటే ప్రమాదం. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము కలిసి పలచటి జారుడు పొర అవుతుంది. పొలం నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చే బురద, రోడ్డు మీద గీసిన తెల్ల పెయింటు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు కూడా ఇదే జాతి.

మత్తడి: చెరువు నిండి మత్తడి దూకుతుంటే, రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే దాటొద్దు. పాచి పట్టిన సిమెంటు మీద ఏ టైరూ పనిచేయదు. ఫొటో దిగండి, వెనక్కి రండి.

టైర్లలో గాలి: మట్టి మీద కొంచెం గాలి తగ్గిస్తే టైరు నేలని ఎక్కువ మేర తాకుతుంది. కానీ మా బండికి ట్యూబులున్న స్పోక్ చక్రాలు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము, రాయి మధ్య ట్యూబు నలిగి రెండుచోట్ల చిరుగుతుంది. మాన్యువల్ చెప్పిన దానికంటే నాలుగైదు పీఎస్‌ఐ మించి తగ్గించకండి, తారు ఎక్కే ముందు మళ్ళీ నింపండి. రాణిగంజ్‌లో చిన్న చేతి పంపు, గేజీ దొరుకుతాయి. రెండూ బండిలో ఉండాలి.

8. మామ చేయించిన నాలుగు అభ్యాసాలు

మొదటిది, పడ్డ బండిని లేపడం. తోలడం కంటే ముందు ఇదే నేర్పించాడు. ఇంజన్ ఆపి, గేరులో ఉంచాలి. బండి కుడి పక్క పడితే ముందే సైడ్ స్టాండు తీసి ఉంచాలి. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుము ఆనించి, హ్యాండిల్‌ని ఒకవైపు పూర్తిగా తిప్పి, కింద పడ్డ వైపు పిడి ఒక చేత్తో, వెనక క్యారియర్ ఇంకో చేత్తో పట్టుకోవాలి. వీపు నిటారుగా, కాళ్ళతో తోస్తూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయాలి. 62 కిలోల నేను 199 కిలోలని లేపగలిగాను.

రెండోది, క్లచ్ సగం పట్టులో ఉంచి, వెనక బ్రేకు కొంచెం తొక్కి ఉంచి, నడక వేగంతో ఎనిమిది అంకె తిరగడం. పెద్ద బండ్లు ఎక్కువగా పడేది వేగంలో కాదు, ఆగబోతున్నప్పుడు. ఇది దానికి మందు.

మూడోది, గంటకి 25 కి.మీ. వేగంలో నిటారుగా పోతూ వెనక చక్రాన్ని కావాలని లాక్ చేసి జార్చడం. జారడం ఎలా ఉంటుందో శరీరానికి ముందే పరిచయమైతే, నిజంగా జారినప్పుడు చెయ్యి ముందు బ్రేకు మీదకి పరిగెత్తదు. ఆ రోజు కట్ట మీద నా చేతికి లేని పరిచయం ఇదే.

నాలుగోది, వాలు దిగడం. మొదటి గేరు, క్లచ్ పూర్తిగా వదిలేసి ఇంజన్‌తోనే ఆపుకుంటూ, నడుము వెనక్కి జరిపి. క్లచ్ పట్టుకుంటే బండి న్యూట్రల్‌లో ఉన్న బండరాయి అవుతుంది.

వీటన్నిటికీ హెల్మెట్ ఐఎస్ఐ గుర్తు ఉన్నది, మడమ దాటే బూట్లు, చేతికి గ్లవ్స్, మోచేయి మోకాలికి ప్యాడ్‌లు. భుజం ప్యాడ్ ఉన్న జాకెట్ కూడా. ఒంటరిగా మట్టి బాట ఎక్కొద్దు. కొత్తలో వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. తోలేవాడికి హ్యాండిల్ ఉంటుంది, బ్రేకు ఉంటుంది, నిర్ణయం ఉంటుంది. వెనక కూర్చున్నవాడికి ఉన్నది మన మీద నమ్మకం ఒక్కటే.

చివరిగా

మొన్న అదే చెరువు కట్ట మీదకి ఒక్కణ్ణే వెళ్ళాను, మామ తన స్కూటర్ మీద వెనకే వచ్చాడు. ఆ మలుపు దగ్గర వేగం 18. బండి నిటారుగా ఉండగానే బ్రేకు అయిపోయింది, కుడి కాలు మీద బరువు, చూపు మలుపు అవతలి వేప చెట్టు మీద. చక్రం కొంచెం అటూ ఇటూ కదిలింది. కదలనిచ్చాను. తిరిగింది. చూసేవాళ్ళకి అందులో గొప్పేమీ లేదు, ఒక పాలాయన క్యాన్లతో ఎక్సెల్ మీద అదే మలుపు నాకంటే ముందు తిరిగి వెళ్ళిపోయాడు.

ఈ వ్యాసం పంపే ముందు మా వాడికి చూపించా. బరువు ముందుకి వాలే లెక్కలో నేను చేసిన ఒక తప్పు సరిదిద్దాడు. "వెనక ఎక్కుతావా ఈసారి?" అని అడిగా. కాసేపు ఆలోచించి, "తారు మీదైతే వస్తా, మట్టి సంగతి నా సప్లీ అయ్యాక చూద్దాం" అన్నాడు.

సప్లీ వచ్చే నెలలో ఉంది. డ్రాయింగ్ షీట్లు నేనే కొనిచ్చాను.